శనిగ్రహానికి కన్ను

చీరను మంచం మీద పరిచి అప్పటికే చాలాసేపయింది. ఇంట్లో ఎవరూ కూర్చోలేదు, ఎవరూ కాఫీ అడగలేదు.

అంజనమ్మ కొంగును రెండు చేతులా ఎత్తి వాకిలి వెలుతురుకు పట్టింది. కుంకుమరంగు పట్టు, దాని మీద బంగారు జరీ. హంసలు బారులు తీరాల్సిన చోట గుండ్రటి బంతులు బారులు తీరి ఉన్నాయి. ఒక్కో బంతి నడుముకూ ఏటవాలుగా ఒక వలయం.

“ఇదేంది మమతా?” అంది కోడలితో.

“గ్రహం అత్తా.”

“గ్రహాలు శానా ఉండాయి. ఇదేది?”

మమత కొంగు అంచు సర్దింది. తను తిరిగే కథల సంఘానికి గుర్తుగా వలయమున్న గ్రహాన్నే పెట్టుకుందామని పట్టుబట్టింది తనే. ఏ గురుడినో, శుక్రుడినో ఒప్పుకుని ఉంటే ఇవాళ కాస్త ఊపిరాడేది.

“శనిగ్రహం,” అంది చివరికి.

అంజనమ్మ కొంగును మంచం మీద వదిలేసి, చేతులు తను కట్టుకున్న చీరకు తుడుచుకుంది.

“పెండ్లి చీర మీద శని,” అన్నాడు కేశవ. గొంతు పెంచలేదు. మొగుడు కేకలేస్తే మమత ఏనాడూ భయపడలేదు. ఇలా మెల్లగా మాట్లాడినప్పుడే భయపడేది. “సాయంత్రం కదిరి నుంచి ధనలక్ష్మమ్మ వస్తాది. గురువారం నరసింహసామి గుళ్ళో వాండ్ల పాప ముహూర్తం. ఏం చెప్దాం? శని యాడికీ పోకుండా మేమే కొంగుకు కట్టేసినామని చెప్దామా?”

వేరే రోజయితే ఆ మాటకు మమతే ముందు నవ్వేది.

ధర్మవరంలో చీరల మీద నెమళ్ళు నేసినవాళ్ళున్నారు, ఏనుగులు నేసినవాళ్ళున్నారు, రథాలూ గోపురాలూ నేసినవాళ్ళున్నారు. పెళ్ళికూతురి కొంగున శనిని కూర్చోబెట్టిన ఘనత మాత్రం ఈ ఇంటికే దక్కినట్టుంది.

జరిగిందేమిటో అందరికీ తెలుసు, లేదా తెలుసనుకున్నారు. కొంగు బొమ్మల్ని కంప్యూటర్లో గీసేది మమత. ఆ ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించుకుని వస్తే, మామ నాగప్ప ఆ అట్టల్ని మగ్గం మీద బొమ్మ తేల్చే జకార్డు పెట్టెకు కట్టి నేస్తాడు. ఈసారి బీరువా పైన రెండు కట్టలున్నాయి. ఒకటి పెళ్ళివాళ్ళ హంసలది. రెండోది మమత సంఘం కండువా కోసం కొట్టించిన శనిగ్రహానిది. మగ్గం ఎక్కింది రెండోది.

“ఎప్పుడూ కట్ట నువ్వే తీసి మీ మామ చేతికి ఇస్తావు గదా,” అంది అంజనమ్మ. “కొంగుకు అట్టలు కట్టేరోజు యాడుంటివి?”

“హిందూపురంలో.”

“ఏం పని మీద?”

“కమిటీ మీటింగు.”

“ఏం తేల్చినారు?”

మమత తలదించుకుంది. వేషాల పోటీలో పిల్లలకూ పెద్దలకూ ఒకటే బహుమతి పెట్టాలా, వేర్వేరుగా పెట్టాలా అని మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. ఆ సంగతి ఇప్పుడు ఈ మంచం పక్కన నిలబడి చెప్పేది కాదు.

ఆ సంఘం పేరు మూడూళ్ళ సైన్సు ఫిక్షన్ అభిమానుల సంఘం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీద ఉన్నాయి కాబట్టి మూడూళ్ళు. పెనుకొండ నడుమ ఉంది కాబట్టి ఏటా సభ అక్కడే. గ్రహాంతరాల కథలు, కాలంలో వెనక్కి పోయే కథలు, మరమనుషుల కథలు చదివేవాళ్ళూ రాసేవాళ్ళూ ఒకచోట చేరి, జెరాక్సు పత్రిక ఒకటి పంచుకుని, సాయంత్రం దాకా పోట్లాడుకుని ఇళ్ళకు పోతారు. సంఘానికి ఒకటే కట్టుబాటు. ఎవరు ఎంత విడ్డూరమైన కథ చెప్పినా “అట్ల జరగదు” అనకూడదు. “జరిగితే?” అని అడగాలి.

పోయినేడు పెనుకొండ ఆటో బాలప్ప నెత్తిన బియ్యం జల్లెడ బోర్లించుకుని, మొహానికి పచ్చరంగు పూసుకుని వేరే గ్రహం మనిషిగా వచ్చాడు. దారిలో ఎక్కిన ముసలమ్మ చార్జీలో రూపాయి కూడా తగ్గించమని అడగలేదట. ఆ కథ చెప్పినప్పుడు ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద, అంజనమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

తనకల్లు పల్లెలో పుట్టిన మమతకు చిన్నప్పటి నుంచీ చుక్కల పిచ్చి. ఆ పిచ్చి ఎవరితో చెప్పినా పెళ్ళయితే అదే పోతుందన్నారు. పెళ్ళయింది, పోలేదు. సంఘంలో చేరాకే తను మాట్లాడుతుంటే పదిమంది నోరు మూసుకుని వినడం ఆమె చూసింది. రేపు ఆదివారం, పెనుకొండ సభలో ఆమెను అధ్యక్షురాలిగా కూర్చోబెడతారు. సంఘం పెట్టిన శారదమ్మ టీచరు స్వయంగా కండువా కప్పుతుంది. ఆ కండువా నేసిస్తానని అడక్కుండానే ముందుకొచ్చింది నాగప్ప.

“రేపు పెనుకొండకు పోయేది లేదు,” అన్నాడు కేశవ.

“రేపే కాదు,” అంది అంజనమ్మ. “ఇంక ఎప్పుడూ పోయేది లేదు. కథలు చదువుకో, ఎవరు వద్దన్నారు? సంఘాలూ సభలూ మనింటికి ఒప్పలేదు. ఒప్పలేదని ఈ చీరే చెప్తాంది. పైగా దానికి కన్ను గూడా పెట్టినావు.”

“కన్నేంది?”

“చూడు. ఒక్కోదానికీ ఎర్రగా చుక్క.”

మమత వంగి చూసింది. నిజమే. ప్రతి శనిగ్రహం లోపలా, పైభాగాన ఒక పక్కగా, ఆవగింజంత ఎర్రటి చుక్క ఉంది.

తను ఆ చుక్క గీయలేదు.

అది అట్టల పని కూడా కాదు. నాగప్ప హంసలకు పేరు తెచ్చిందే ఆ చుక్క. అందరి హంసలూ ఉత్త జరీ హంసలు. ఆయన మాత్రం తల దగ్గరికి రాగానే పోగు తిప్పే నాడె ఆపి, ఎర్ర పట్టుపోగు ఒకటి చేత్తో దూర్చి కన్ను పెడతాడు. కన్ను లేని పక్షి యాడికి ఎగురుతుందమ్మా అంటాడు.

శనిగ్రహానికి ఎవరూ కన్ను పెట్టరు. హంస అనుకుంటేనే పెడతారు.

వంగిన మమత నిటారుగా లేచింది. హంసల కట్టకు ఎర్ర టేపు, సంఘం కట్టకు నీలం టేపు చుట్టి మామకు రెండుసార్లు చెప్పే హిందూపురం పోయింది తను. “ఎర్ర టేపు కట్టే పెట్టినా గదా” అనే మాట పొద్దుటి నుంచి నాలుక చివరే ఉంది. ఇప్పుడా మాట అంటే తర్వాతి ప్రశ్న మామ మీదికే పోతుందని ఆమెకు తెలిసిపోయింది.

మగ్గం గది వైపు చూసింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మామ ఉన్నాడు.

“బీరువా పైన మిగిలిన కట్టకు ఏ గుర్తుందో చూద్దాం ఉండు,” అంటూ కేశవ బీరువా వైపు కదిలాడు.

“నేను తీస్తా,” అని మమత అతనికంటే ముందు స్టూలెక్కింది. అతనికి వీపు పెట్టి, ఎర్ర టేపును కట్ట నుంచి లాగేసి నడుములో దోపుకుంది. కట్టను అతని చేతికిచ్చింది.

“గుర్తే లేదు,” అన్నాడు కేశవ.

“మర్చిపోయినా.”

“మగ్గం కాడ పడుండే నీలం టేపు చూసినాలే. సంఘం కట్టకు మాత్రం మర్చిపోలేదు.”

కేశవ కట్టను మంచం మీద పడేసి, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

అంజనమ్మ పక్కింటికి పోయిన వేళ చూసి మమత మగ్గం గదిలోకి వెళ్ళింది.

నాగప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చీర కోసేశాక మిగిలిన పడుగు పోగులు ముందు చాపినట్టే ఉన్నాయి. వాటిని వేళ్ళతో దువ్వుతున్నాడు.

“అన్నం తిన్నావా మామా?”

“తింటిలే.”

అబద్ధం. పళ్ళెం మూత పెట్టినట్టే కిటికీలో ఉంది. మమత ఆ సంగతి ఎత్తలేదు. ఆమె చూపు గుంతపక్క మేకుకు వేలాడే చిన్న అద్దం మీద పడింది.

ఆ ఇంట్లో జరీకొంగు ముఖం కిందికి వచ్చేలా నేస్తారు. పైకి కనిపించేది వెనకవైపు. అక్కడ పోగుల చిక్కులే తప్ప బొమ్మ తెలియదు. అందుకే కాస్త నేయగానే అద్దాన్ని బట్ట కింద పెట్టి బొమ్మ సరిగా పడిందో లేదో చూసుకుంటారు. నేసిన భాగం ఆ తర్వాత దోనె అనే గుండ్రటి కర్రకు చుట్టుకుపోతుంది. చీర కోసేదాకా ఎవరికీ కనపడదు.

ఈ అద్దం ముట్టుకోక ఎన్నాళ్ళయిందో, దుమ్ము పేరుకుని ఉంటుందనుకుంటూ తీసింది మమత. దుమ్ము లేదు. మూలన పసుపు వేలిముద్ర ఒకటి ఉంది. అత్త బొట్టు పెట్టుకునేకి తీసి ఉంటుందిలే అనుకుని మళ్ళీ మేకుకు తగిలించింది.

“ఒక్కటి గూడా వదలకుండా అన్నిటికీ కన్ను పెట్టినావు మామా,” అంది.

దువ్వుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

“నీకు తెలిసిందా?” అన్నాడు.

“తెలిసింది.”

“పొద్దున మీ అత్త నోట శని అనే మాట ఇనేదాకా నాకది హంసే తల్లీ.”

మమత మగ్గం గట్టు మీద కూలబడింది. “ఎప్పట్నుంచి మామా?”

“ఉగాది ముందర్నుంచి. నడిమధ్యలో పొగ కమ్మినట్ల ఉంటాది. అంచులకు కనపడతాది. నువ్వు వస్తే నీ చీర కుచ్చిళ్ళు తెలుస్తాయి. మొగం తెలీదు.”

“చేతికన్నా తెలీలేదా?”

“తెలీకేం. హంస మెడకాడ జరీ వంపు తిరుగుతాది. నా వేలికి ఆ వంపు బాగా తెలుసు. ఇది గుండ్రంగా పోతాండె. ఎవరినన్నా పిలిచి అడుగుదామనుకుంటి. అడిగితే, ఏం నీకు కనపడలేదా అంటారు గదా. గమ్మున హంసే అనుకోని నేసుకుంటా పోతి.”

అప్పుడు మమతకు ఇంకొకటి గుర్తొచ్చింది. సంఘం పత్రిక రాగానే ముందు చదివేది నాగప్పే. అన్నం తిన్నాక మగ్గం మీదే పరుచుకుని, మరమనిషికి ఆకలేస్తుందా, చంద్రుడి మీద పట్టుపురుగులు బతుకుతాయా అని కోడల్ని సతాయించేవాడు. కొన్నాళ్ళుగా చదవడం మానేశాడు. “నువ్వు చదువు తల్లీ, నీ గొంతులో కథ బాగుంటాది” అంటున్నాడు. తన గొంతుకు అంత మెచ్చుకోలు దొరికిందని ఆమె ఎంత మురిసిపోయిందో. శారదమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

ఏడుపు వచ్చింది. అణుచుకుంది.

“డాక్టరుకు చూపించుకుందాం మామా. ఈ రోజుల్లో ఏదో ఒక దారి ఉంటాది.”

“కేశవకు చెప్పొద్దు,” అన్నాడు నాగప్ప. “వాడు మంచోడే. డాక్టరుకు చూపిస్తాడు, మందులు తెస్తాడు, అన్నీ చేస్తాడు. ఆ తర్వాత మగ్గం ఇప్పేస్తాడు. మరమగ్గం పెడదామని ఎప్పట్నుంచో అంటానే ఉండాడు. నన్ను వాకిట్లో కుర్చీ ఏసి కూర్చోబెడ్తాడు. ఆడ కూర్చోని నేనేం చేయల్ల? వచ్చేపొయ్యేవాండ్ల కుచ్చిళ్ళు చూసుకుంటా ఉండల్లా?”

మమత కిటికీలోని పళ్ళెం తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

“నీకు రేపు సభ ఉండాదని తెలుసు. అధ్యక్షురాలివి అవుతావనీ తెలుసు. నేను ఇట్ల అడగగూడదు,” అన్నాడు మళ్ళీ. “అయినా అడుగుతాండా.”

కోపం తెచ్చుకోవాలని చూసింది మమత. రాలేదు. ఈ ఇంట్లో తన పిచ్చిని పిచ్చి అనని మనిషి ఈయనొక్కడే. “జరిగితే?” అని సంఘం బయట ఆమెను అడిగింది కూడా ఈయనొక్కడే.

“చెప్పను మామా,” అంది. నడుములో టేపు గుచ్చుకుంటోంది.

*

ధనలక్ష్మి దీపాలు పెట్టకముందే వచ్చింది. మనిషి నిదానస్తురాలు. కేశవ తడబడుతూ చెప్పిందంతా విని, కొంగును ఒకసారి చూసి, మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది. అరిచి ఉంటే అందరికీ కాస్త తేలిగ్గా ఉండేది.

“నా బిడ్డ ఏం పాపం చేసింది కేశవా?” అంది.

“తప్పు నాదే అక్కా,” అంది మమత. “అట్టల కట్ట నేనే మార్చిపెట్టినా. ఇంట్లో ఎవరిదీ తప్పు లేదు.”

ధనలక్ష్మి సంచిలోంచి పాత చీర ఒకటి తీసి శనిగ్రహాల పక్కనే పరిచింది. జరీ కొంచెం నల్లబడింది. హంసలు మాత్రం చెక్కుచెదరలేదు, ఒక్కోదానికీ ఎర్రటి కన్ను.

“ఇది నా పెండ్లి చీర. నాగప్పన్న నేసింది. పాపకు గూడా ఈ చెయ్యి మీదే కావాలని ఊర్లో ఎన్ని అంగళ్ళున్నా ఈడికే వస్తి.” కొత్త కొంగు అంచు తిప్పి చూసింది. “కొంగొకటే మళ్ళీ నేసి అతికేకి అవుతాదా?”

కేశవకు ప్రాణం లేచొచ్చింది. “అవుతాది అక్కా. మగ్గం మీద పడుగు మిగిలే ఉండాది. నాయన రేపు పొద్దున్నే కూర్చుంటాడు. బుధవారానికి మీ ఇంటికి నేనే తెచ్చిస్తా.”

“నాగప్పన్నే నేయల్ల. కండ్లు గూడా ఆయనే పెట్టల్ల,” అంది ధనలక్ష్మి. “వేరేవాండ్లు వద్దు.”

“నాయన కాకుంటే ఇంకెవరు? మమత పక్కన్నే ఉండి అట్టలు చూసుకుంటాది. యాడికీ పోదు.”

పొద్దున మమత దాచింది ఒక్క తప్పును. ఇప్పుడు రెండో తప్పు నేయడానికి ముహూర్తం పెట్టారు.

“ఆ మాట ఆ టీచరమ్మకు గూడా చెప్పు,” అంది అంజనమ్మ. “ఇప్పుడే చెప్పు. మేమూ ఇంటాం.”

కేశవ ఫోను తెచ్చి చేతికిచ్చాడు. స్పీకరు తనే ఆన్ చేశాడు.

“ఏం అధ్యక్షురాలా,” అంది అవతలి నుంచి శారదమ్మ గొంతు హుషారుగా. “పొద్దున పాసింజరుకే కదా? బాలప్ప ఈసారి జల్లెడ వద్దంటాండాడు, ఇడ్లీ పాత్ర తెస్తాడంట.”

“నేను రాను మేడం.”

“ఏం, ఒంట్లో బాగలేదా?”

“బాగనే ఉండాది. రేపే కాదు మేడం, ఇంక సంఘానికే రాను. సంఘం పనిలో పడి పెండ్లి చీరకు తప్పు అట్టలిచ్చినా. ఇంటికి మాట వచ్చింది.”

“నువ్వు అట్టలు తప్పిచ్చినావా?” అంది శారదమ్మ. “పత్రికలో ఒక్క ఒత్తు తప్పుపోతే కాపీలన్నీ చేత్తో దిద్దిన మనిషివి నువ్వు. నేను నమ్మను మమతా.”

మమత ఫోను పెట్టేయబోయింది.

“పెట్టొద్దు తల్లీ,” అన్న మాట వినిపించింది.

నాగప్ప గోడ పట్టుకుని మగ్గం గది గడపలో నిలబడి ఉన్నాడు. గోడ వదిలి మంచం దాకా వచ్చాడు. చేయి చాపితే ముందు ధనలక్ష్మి పెళ్ళిచీర తగిలింది. ఒక హంస మెడ మీద వేలు నడిపాడు. “ఇది నాదే,” అన్నాడు. “ఇంకోటి యాడ?”

మమత కొత్త కొంగును ఆయన చేతి కింద పెట్టింది. ఆయన తడిమి తడిమి ఒక ఎర్ర చుక్కను పట్టుకున్నాడు.

“ధనలక్ష్మమ్మా, ఈ కన్ను పెట్టింది నేను. హంస అనుకోని పెట్టినా. మమత ఎర్ర టేపు కట్టే పోయింది. నీలం టేపు విప్పి, ఎర్రదే అనుకోని మగ్గానికి కట్టింది నేను. నాకు కండ్లు కనపడవమ్మా. నీ బిడ్డకు కొంగు నేనిప్పుడు నేయలేను.”

మమత నడుములోంచి టేపు తీసి మంచం మీద పెట్టింది. కేశవ టేపును చూశాడు, తండ్రి మొహాన్ని చూశాడు. రేపటి పనికి ఆయన పేరు చెప్పి పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు.

నాగప్ప మంచం పట్టె కోసం చేయి చాచాడు. ఆ చేయి పట్టె దాకా పోకముందే అంజనమ్మ వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది. కాలితో చెంబు పక్కకు జరిపి, ఆయన్ను చక్కగా కూర్చోబెట్టింది. వెతుకులాట లేదు, తడబాటు లేదు. రోజూ చేసే పనిలా చేసింది.

మమత ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. వేళ్ళకు పసుపు ఉంది. అద్దం మూలనున్న ముద్ర ఆమె కళ్ళ ముందుకు వచ్చింది.

“అత్తా,” అంది. “నీకు తెలుసు గదా.”

అంజనమ్మ కోడలి వైపు తిరగలేదు. మొగుడి భుజం మీది తువ్వాలు సర్దింది.

“ఉగాది నుంచి తెలుసు.”

“ఈ కొంగు గూడా?”

“మొదటి వరసలోనే చూస్తి. ఆయన అన్నానికి లేచిపోతే అద్దం కింద పెట్టి చూస్తి. హంస కాదని అప్పుడే తెలుసు.”

“మరి ఆపలేదేం అమ్మా?” అన్నాడు కేశవ. ఇందాకటి మెల్లని గొంతు కాదు అది. ఏడుపు కలిసిన గొంతు.

“ఆపితే ఆయనకు తెలిసిపోదా, ఆయన కండ్ల సంగతి నాకు తెలుసని? మగ్గం దిగుతాడు. మగ్గం దిగితే మనిషి ఉంటాడా?” అంది అంజనమ్మ. అప్పుడు కోడలి మొహంలోకి చూసింది. “చీరదేముంది, పోతే పోతాదనుకుంటి. నింద వేసేకి నీ సంఘం ఉండె.”

నాగప్ప తలెత్తాడు. పెళ్ళాం మొహం ఉందనుకున్న వైపు చూశాడు.

ఫోను ఇంకా మమత చేతిలోనే ఉంది. “మమతా, ఉండావా?” అంటోంది శారదమ్మ. “రేపు వస్తాండావా, రావా? ఒక మాట చెప్పు.”

మమత ఫోను వైపు చూడలేదు. అత్త వైపే చూస్తూ నిలబడింది.